నా మంటను నమ్మిన న్యూరాలజీ క్లినిక్

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బుతో 6 ఏళ్లుగా ఉన్నాను. రాత్రి దుప్పటి తగిలినా పాదాలు భగ్గుమనేవి. ఛాతీ చుట్టూ బెల్టు బిగించినట్టుండేది. ముందు చూపించుకున్న చోట గ్యాస్ అని పంపేశారు.

ఇక్కడి డాక్టరుగారు అరగంట కూర్చుని, బొమ్మ గీసి చెప్పారు. మెదడు, వెన్నుపాములో నరాలపై ఉండే మైలిన్ పొర దెబ్బతింటే, గాయం లేకపోయినా నొప్పి సంకేతాలు పుడతాయట. ఆ బిగుతును 'ఎంఎస్ హగ్' అంటారట. నాకు పారాసెటమాల్ ఎందుకు పనిచేయలేదో అప్పుడర్థమైంది!

నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్ మందును తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మగతగా ఉంటుందని ముందే చెప్పారు, ఉంది కూడా. మంట పూర్తిగా పోలేదు కానీ నిద్ర పడుతోంది.

క్లినిక్‌కు 15 మెట్లెక్కాలి, లిఫ్ట్ లేదు. మాలాంటివాళ్లకు అది చాలా కష్టం, దయచేసి ఏదైనా చేయండి.

ఆ బొమ్మ చూశాకే మా ఆయన, "ఇంత నొప్పి భరిస్తున్నావా?" అని అడిగారు.