పెళ్లి వీడియోల సౌండ్‌కి డావించి రిజాల్వ్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

పెళ్లి వీడియో డెలివరీ అయ్యాక కస్టమర్ దగ్గర్నుంచి వచ్చే మొదటి ఫోన్ కలర్ గురించి కాదు, "పంతులుగారి మాట వినపడట్లేదండీ, మేళం మాత్రం చెవులు పగలగొడుతోంది" అని. అందుకే కలర్ గ్రేడింగ్ సంగతి మిగతావాళ్లకి వదిలేసి, నాలుగైదు ఆడియో ట్రాకుల వాల్యూమ్ సర్దడం డావించి రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎలా ఉంటుందో మాత్రమే రాస్తున్నా. నేను వాడేది ఉచిత వెర్షనే.

దీన్ని తయారుచేసే ఆస్ట్రేలియా కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2016లో ఫెయిర్‌లైట్ అనే ఆడియో కంపెనీని కొని, 2017లో వచ్చిన 14వ వెర్షన్‌లో దాని మిక్సర్‌ని ఒక పేజీగా లోపల పెట్టేసింది. అంటే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఏదో మొక్కుబడిగా అతికించిన స్లైడర్ కాదు, స్టూడియో మిక్సర్ మొత్తం చేతికొస్తుంది. కొత్తవాళ్లకి తలనొప్పి కూడా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే వాల్యూమ్ మార్చే చోట్లు ఒకటి కాదు. క్లిప్ మీద గీత ఒకటి, ట్రాక్ మొత్తానికి పైకీ కిందికీ జరిపే ఫేడర్ ఒకటి, ట్రాకులన్నీ వచ్చి కలిసే దారి (దాన్నే బస్సు అంటారు) మీద ఇంకోటి. సౌండ్ వెళ్లే దారి కూడా మామూలుగా ఆ వరసే: ముందు క్లిప్, తర్వాత ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దేది), కంప్రెసర్ (గట్టి సౌండ్‌ని అణిచేది), ఆ తర్వాతే ఫేడర్, చివర్లో బస్సు. ఫేడర్ ఎంత లాగినా కంప్రెసర్ పనిలో తేడా రాదు, క్లిప్ వాల్యూమ్ కదిపితే మాత్రం వెంటనే వస్తుంది. ఈ ఒక్కటి బుర్రకెక్కితే సగం టెన్షన్ పోయినట్టే.

నా పద్ధతి సింపుల్. ఒక్కో రకం సౌండ్‌కి ఒక్కో ట్రాక్: మొదటిది పంతులుగారి కాలర్ మైకు, రెండోది కెమెరా మైకులో పడ్డ మాటలు, మూడోది సన్నాయి డోలు, నాలుగోది వెనకాల వేసే పాట. కలగాపులగంగా పెట్టేస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

ఇక నార్మలైజ్, అంటే క్లిప్పుల సౌండ్‌ని మనం చెప్పిన లెవెల్‌కి తెచ్చేది. క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొడితే వస్తుంది, అందులో రిలేటివ్, ఇండిపెండెంట్ అని రెండు ఉంటాయి, చాలామంది చూడకుండా ఓకే నొక్కేస్తారు. జీలకర్ర బెల్లం ఘట్టమే తీసుకోండి. మంత్రం క్లిప్ పీక్ (అందులో అన్నిటికంటే గట్టి చోటు) మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర, గట్టిమేళం మైనస్ 6 దగ్గర ఉన్నాయనుకుందాం (సున్నాకి ఎంత దగ్గరైతే అంత గట్టి), మనం టార్గెట్ మైనస్ 3 పెట్టాం. రిలేటివ్ అయితే అన్నిట్లోకి గట్టిదాన్ని చూసి రెండిటినీ సమానంగా 3 డెసిబెల్స్ పెంచుతుంది, మంత్రం మైనస్ 17కి, మేళం మైనస్ 3కి వస్తాయి, మధ్య తేడా అలాగే ఉంటుంది. ఇండిపెండెంట్ అయితే దేనికదే లెక్క, మంత్రాన్ని ఏకంగా 17 డెసిబెల్స్ లేపుతుంది, దాంతోపాటు మండపం వెనకాల జనరేటర్ మోత కూడా లేస్తుంది. మాటల ట్రాకులో వేర్వేరు క్లిప్పుల్ని ఒక దారికి తేవడానికి ఇండిపెండెంట్ బాగుంటుంది, మేళానికి రిలేటివే. ఎందుకంటే మేళంలో ఆ హెచ్చుతగ్గులే అందం, తాళి కట్టేటప్పుడు ఒక్కసారిగా లేవకపోతే అది గట్టిమేళం ఎలా అవుతుంది?

అన్నీ కుదిరాక మొత్తం కొంచెం తగ్గించాలంటే ఒక్కో ఫేడరూ పట్టుకు లాగక్కర్లేదు. ఫెయిర్‌లైట్ మెనూలో లింక్ గ్రూప్ ఉంది, ట్రాకుల్ని అందులో కలిపేస్తే ఒకటి కదిపినప్పుడు మిగతావీ కదులుతాయి. నేనైతే మాటల ట్రాకులు రెండిటినీ ఒక బస్సుకి, సంగీతం ట్రాకులు రెండిటినీ ఇంకో బస్సుకి పంపేస్తాను. ఆఖర్లో "పాట కాస్త తగ్గించండి" అని పెళ్లికొడుకు బాబాయిగారు ఫోన్ చేస్తే అర నిమిషం పని.

మాట వచ్చినప్పుడు పాట దానంతటదే తగ్గడానికి మాటల ట్రాక్ కంప్రెసర్‌లో సెండ్, పాట ట్రాక్ కంప్రెసర్‌లో లిజన్ నొక్కి, థ్రెషోల్డ్ (ఎంత సౌండ్ దాటితే తగ్గించడం మొదలవ్వాలో ఆ హద్దు) సర్దుకోవాలి. 2024లో వచ్చిన 19వ వెర్షన్‌లో డకర్ అని దీనికోసమే ఒక ఎఫెక్ట్ ఇచ్చారు. సౌకర్యమే, కాదనను, కానీ అప్పగింతల సీన్‌లో మాత్రం నేను ఆల్ట్ పట్టుకుని క్లిప్ గీత మీద కీఫ్రేములు (వాల్యూమ్ మారాల్సిన చోట పెట్టే చుక్కలు) పెట్టి చేత్తోనే దించుతాను. అమ్మాయి తల్లి వెక్కిళ్లు మాట కిందికి వస్తాయా రావా అని మెషీన్‌కి తెలియదు.

అమెరికాలో ఉన్న చుట్టాలు చూడాలని ఇప్పుడు అందరూ యూట్యూబ్‌లో పెట్టమంటున్నారు కదా, అది దాదాపు మైనస్ 14 లఫ్స్ (మొత్తం మీద సౌండ్ చెవికి ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, తక్కువ ఉన్నవాటిని పెంచదు. ఫెయిర్‌లైట్ పేజీలోనే లౌడ్‌నెస్ మీటర్ ఉంది, ఎక్స్‌పోర్ట్‌కి ముందు దానివైపు ఒకసారి చూడండి.

బాగోని సంగతులు కూడా చెప్పాలి. ఇది బరువైన సాఫ్ట్‌వేర్, 16 జీబీ ర్యామ్ లేకపోతే దీని జోలికి వెళ్లొద్దు. లినక్స్ కంప్యూటర్లలో ఏఏసీ ఆడియో (ఫోన్లు మామూలుగా సౌండ్ దాచే ఫార్మాట్) తీసుకోదు, ఫోన్‌లో తీసిన వీడియో వేస్తే బొమ్మ సంగతి తర్వాత, సౌండ్ మాత్రం రాదు, ముందు కన్వర్ట్ చేసుకోవాల్సిందే. గోలలోంచి గొంతును విడదీసే వాయిస్ ఐసొలేషన్ కావాలంటే స్టూడియో వెర్షన్ కొనాలి, 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు, నెలనెలా ఉండదు. డీజే పక్కన తీసిన మాటలు రోజూ వచ్చిపడేవాళ్లు కొనుక్కోండి. పంతులుగారికి కాలర్ మైకు పెట్టించే అలవాటున్నవాళ్లకి మాత్రం అంత ఖర్చు దండగ.