ఫోటో డిలీట్ చేసే ముందు: స్టాప్‌ఎన్‌సీఐఐ ఎంతవరకు పనికొస్తుంది

'డబ్బు పంపకపోతే నీ కాంటాక్టులందరికీ వీడియో పెడతా' అని మెసేజ్ రాగానే చాలామంది చేసే మొదటి పని గ్యాలరీ ఖాళీ చేయడం. ఇంట్లో తెలిస్తే పెద్దవాళ్లు దగ్గరుండి చేయించేదీ అదే. ఒప్పుకోకుండా పంచే నగ్నచిత్రాలను అడ్డుకునే సైటు స్టాప్‌ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీని వాడాలంటే మాత్రం ఆ ఫైలు చేతిలో ఉండాలి. లేకపోతే ఈ సైటు ఏమీ చేయలేదు.

2021 డిసెంబరులో మొదలైన ఈ ఉచిత సేవను బ్రిటన్‌లోని రివెంజ్ పోర్న్ హెల్ప్‌లైన్ నడుపుతోంది. మన దేశం నుంచీ వాడుకోవచ్చు. ఫోటోను ఎక్కడికీ పంపమనదు, అదే దీని గొప్ప. మీ ఫోన్లోనే ఫోటోను చదివి వేలిముద్ర లాంటి ఒక గుర్తు, అంటే హ్యాష్, తయారుచేస్తుంది. బయటికి వెళ్లేది 64 అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ వరుస ఒక్కటే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, థ్రెడ్స్, స్నాప్‌చాట్, రెడిట్, బంబుల్, టిక్‌టాక్, ఓన్లీఫ్యాన్స్, పోర్న్‌హబ్ వంటివి ఇందులో చేరాయి. మైక్రోసాఫ్ట్ బింగ్ 2024లో వచ్చింది. తమ దగ్గరి ఫోటోల్లో ఏదైనా ఆ గుర్తుతో సరిపోలితే, నిబంధనలకు విరుద్ధమో కాదో ఆ కంపెనీలే చూసుకుని తీసేస్తాయి. అంటే ఇది పోస్టయిన తర్వాత వెతికి తుడిచే చీపురు మాత్రమే కాదు, వాకిట్లో కాపలా కూడా. బెదిరింపు వచ్చి, ఫోటో ఇంకా బయటపడని ఆ రెండు మూడు గంటల్లోనే దీని విలువ ఎక్కువ.

కేసు తెరవడం పది నిమిషాల పని. ఫోటోలో ఉన్నది మీరేనా, అప్పటికి 18 నిండాయా, అందులో నగ్నంగానో అర్ధనగ్నంగానో ఉన్నారా అని అడుగుతుంది. తర్వాత ఫైలు ఎంచుకోవాలి, పిన్ పెట్టుకోవాలి. చివర్లో కేసు నంబరు ఇస్తుంది. 18 లోపు తీసిన ఫోటో అయితే ఇక్కడ కుదరదు. దానికి అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థ ఎన్‌సీఎంఈసీ నడిపే టేక్ ఇట్ డౌన్ ఉంది, పద్ధతి దాదాపు ఇదే. పిల్లల ఫోటోను 'చూద్దాం, నాకు పంపు' అని పెద్దలు తమ ఫోన్లలోకి తెప్పించుకోకూడదు. ఐటీ చట్టం 67బి కింద అలాంటివి పంపడం, సేకరించడం కూడా నేరమే.

ఈ హ్యాష్ పద్ధతి దెబ్బతినేది ఎక్కువగా వీడియోల దగ్గర. ఫోటోలకు వాడే పీడీక్యూ పద్ధతి సైజు తగ్గినా, నాణ్యత కాస్త పడిపోయినా పోల్చుకోగలదు. సగానికి కత్తిరించినా, అంచుల్లో మందంగా బోర్డరు కట్టినా జారిపోవచ్చు. వీడియోలకు ఎంచుకున్నది ఎండీ5. అందులో ఒక్క బైటు మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. మామూలుగా వాట్సాప్‌లో పంపిన వీడియో కుదించుకుపోతుంది కాబట్టి, మీ దగ్గరున్న అసలు ఫైలూ, బయట తిరుగుతున్నదీ ఈ లెక్కన వేర్వేరు. అందుకే అసలుతోపాటు, బెదిరించినవాడు నమూనాగా పంపిన కాపీనీ, స్క్రీన్‌షాట్‌నీ కూడా అదే కేసులో ఇవ్వాలి. చాలామంది అసలు ఒక్కటిచ్చి ఊరుకుంటారు.

వాట్సాప్ ప్రైవేటు చాట్లలోకి ఈ సేవ చూపు పోదు. టెలిగ్రామ్, ఎక్స్ జాబితాలో లేవు. మన దగ్గర ఇలాంటివి ఎక్కువగా పాకేది కాలేజీ గ్రూపుల్లో, కులం గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో కాబట్టి ఇది చిన్న లోటు కాదు. గూగుల్ సెర్చ్‌లో కనబడితే గూగుల్‌కు విడిగా ఫారం నింపవచ్చు. అయితే అది ఫలితాల్లోంచి తీస్తుంది, అసలు సైట్లోంచి కాదు.

మార్ఫింగ్, డీప్‌ఫేక్ ఫోటోలనూ స్టాప్‌ఎన్‌సీఐఐ తీసుకుంటుంది. లోన్ యాప్ ఏజెంట్లు ముఖం అతికించి పంపే నగ్నచిత్రాలు ఇందులోకి వస్తాయి. 2023 నవంబరులో రష్మిక ముఖంతో తిరిగిన లిఫ్టు వీడియో లాంటిది, ఒంటిమీద బట్టలున్నది కాబట్టి, ఈ నిర్వచనంలో ఇమడదు. పరువు పోవడానికి నగ్నత్వమే అక్కర్లేదని మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు, సైటు లెక్క వేరు. అలాంటప్పుడు ఆయా యాప్‌ల గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయాలి. 2021 ఐటీ నిబంధనలు వచ్చినప్పుడు ఇలాంటి ఫిర్యాదులకు, మార్ఫింగ్ చేసినవాటితో సహా, 24 గంటల గడువు పెట్టాయి.

దీంతో పోలీసు కేసు పెట్టినట్టు కాదు. అందుకు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ ఉంది. మహిళలు, పిల్లల విభాగంలో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయవచ్చు, కానీ అది ఎక్కడిదాకా వచ్చిందో తర్వాత చూసుకోలేరు. వీలైతే 'రిపోర్ట్ అండ్ ట్రాక్' ఎంచుకోవడం మేలు. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పోస్టు తీసేయక ముందే లింకు, తేదీ, సమయం కనబడే స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి. ప్రొఫైల్ పేరు రాసుకుంటే చాలదు, పేరు నిమిషంలో మారుతుంది. ప్రొఫైల్ లింకు కావాలి. 'ఫోటో నువ్వే ఇచ్చావుగా' అని స్టేషన్లో ఎవరైనా అంటే, స్త్రీల విషయంలో భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణ చూపించవచ్చు: తీయడానికి ఒప్పుకుని, పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమే. బాధితుడు మగవాడైతే ఐటీ చట్టం 66ఈ, 67ఏ ఉన్నాయి.

'మేం తీయిస్తాం, ఫోటో పంపండి, ఐదు వేలవుతుంది' అనే ఏజెంట్లకు ఈ సేవతో ఏ సంబంధమూ లేదు. ఇక్కడ రూపాయి అడగరు, ఫోటో అసలే అడగరు. ఇంకో మాట, పిన్ గానీ కేసు నంబరు గానీ పోతే తిరిగి ఇవ్వరు, కొత్త కేసు తెరవాల్సిందే. అందుకోసమైనా ఆ ఫైలును ఫోన్లోని లాక్డ్ ఫోల్డర్‌లో కొన్నాళ్లు ఉంచాలి, పిన్‌ను మాత్రం అదే ఫోన్లో రాసుకోకూడదు.