పెరటి కొలనుకి ఫిల్టర్: మే నెల లెక్క చూసుకుని కొనండి (ఆరేళ్లు వాడాక)

భీమవరం దగ్గర మా ఊళ్లో ఎటు చూసినా చేపల చెరువులే. అందుకే 2018 చివర్లో పెరట్లో చిన్న సిమెంటు కొలను కట్టించి, ఎనిమిది కోయిలు (రంగురంగుల అలంకార చేపలు), ఆరు గోల్డ్‌ఫిష్ వదిలినప్పుడు ఇందులో మనకు తెలియనిది ఏముంటుందిలే అనుకున్నాను. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. మూడింటినీ గుణిస్తే 150 ఘనపుటడుగులు, ఒక్కో ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. అంటే మా కొలనులో దాదాపు 4,200 లీటర్ల నీళ్లు పడతాయి.

మొదట తీసుకున్నది ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ ఫిల్టర్. బకెట్ అంత ఉంటుంది. లోపల నాలుగు స్పాంజీలు, మధ్యలో యూవీ (అతినీలలోహిత) లైటు. అట్టపెట్టె మీద ‘5,000 లీటర్ల వరకు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. మాది 4,200 కాబట్టి సరిపోతుందనుకున్నాం. బిగించిన పది రోజుల్లో నీళ్లలో పచ్చదనం మొత్తం పోయింది. అడుగున పడిన రూపాయి బిళ్ల మీద అంకె పైనుంచి చదవగలిగేంత తేటగా ఉండేవి నీళ్లు.

2019 మే నెలలో ఒకరోజు తెల్లవారుజామున చూస్తే చేపలన్నీ పైకి తేలి, ఫిల్టర్ నీళ్లు పడేచోట గుమిగూడి గాలి మింగుతున్నాయి. సాయంత్రానికి మూడు కోయిలు చచ్చిపోయాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. చెరువులు చేసే మా మామయ్యకి ఫోన్ చేస్తే టెస్ట్ కిట్ పట్టుకుని వచ్చారు. చిన్న గాజు గొట్టంలో కొలను నీళ్లు పోసి, చుక్కలు వేసి కాసేపు ఆగితే, లేత పసుపుగా ఉండాల్సిన నీళ్లు ముదురు ఆకుపచ్చకి తిరిగాయి. అమ్మోనియా, అంటే చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే విషం.

“నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి కదా మామయ్యా” అన్నాను.

“చెరువు నీళ్లు కంటితో చూసి చెప్పకూడదమ్మా, కిట్ వేసి చెప్పాలి. దీనికంటే మా పచ్చ చెరువే నయం” అన్నారాయన.

ఆ మాట తర్వాత అర్థమైంది. నీళ్లను పచ్చగా చేసే నాచు అమ్మోనియాని తినేస్తుంది. యూవీ లైటు ఆ నాచుని చంపేసింది గానీ అమ్మోనియాని ఏమీ చేయలేదు. ఆ పని చేయాల్సింది ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. వాటికి అతుక్కోవడానికి చోటు కావాలి, ఆడే నీళ్లు కావాలి, ఆక్సిజన్ కావాలి. నాలుగు స్పాంజీల మీద పద్నాలుగు చేపలకు సరిపడా బ్యాక్టీరియా నిలవదు. తర్వాత ఆ ఫిల్టర్‌తో వచ్చిన కాగితం తీసి చదివితే, 5,000 లీటర్ల మాట చేపలు లేని కొలనుకట. కోయిలు ఉంటే అందులో నాలుగో వంతు. ఈ ముక్క పెట్టె మీద ఎక్కడా లేదు. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే.

అందుకే ఫిల్టర్ కొనేముందు లీటర్ల కంటే మేత లెక్క చూసుకోండి. మేతలో మాంసకృత్తులు 35 శాతం ఉంటే, 100 గ్రాముల మేతకు సుమారు 3 గ్రాముల అమ్మోనియా నీళ్లలోకి వస్తుంది. మేం రోజుకి 60 గ్రాములు వేసేవాళ్లం. అంటే దాదాపు 2 గ్రాములు. 4,200 లీటర్లలో చూస్తే అది రోజుకి లీటరుకి అర మిల్లీగ్రాము. తీసేసేది ఏదీ లేకపోతే అది రోజూ పేరుకుపోతూనే ఉంటుంది.

ఆ లెక్క కూడా మే నెలకే వేసుకోవాలి. ఎండాకాలం చేపలు ఎక్కువ తింటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 దాటాక ఏడున్నర కూడా పట్టదు. నీళ్ల వేడి, పీహెచ్ (క్షారగుణం) పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగమూ పెరుగుతుంది. మా డెల్టాలో ఇంకో చిక్కుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు, బోరు నీళ్లు ఉప్పన. నీళ్లు మార్చేద్దామంటే మార్చడానికి మంచినీళ్లే ఉండవు. జనవరిలో బ్రహ్మాండంగా పనిచేసే ఫిల్టర్ మే నెలలో చేతులెత్తేస్తుంది.

2019 జూలైలో మామయ్య సాయంతో ఇప్పుడున్న ఫిల్టర్ కట్టుకున్నాం. రెండు 200 లీటర్ల నీలం డ్రమ్ములు. రసాయనాలు పోసినవి కాకుండా తినే సరుకు వచ్చినవే వెతికి తెచ్చాం. మొదటి డ్రమ్ములో నీళ్లు పక్కనుంచి పడి గుండ్రంగా తిరుగుతాయి, చెత్త అడుక్కి దిగుతుంది. అడుగున బాల్ వాల్వ్ ఉంది. రెండో డ్రమ్ము నిండా పాత నైలాన్ వల ముక్కలు. మా దగ్గర చిరిగిన వలలకు కొదవ లేదు కదా. బయో మీడియా పేరుతో అమ్మే ప్లాస్టిక్ చక్రాలు వాడొచ్చు, బాగా పనిచేస్తాయి కూడా, కానీ డ్రమ్ము నింపాలంటే ఖర్చు బాగా అవుతుంది. అక్కడినుంచి నీళ్లు ఐదడుగుల పొడవున్న కంకర తొట్టిలోకి వెళ్తాయి. అందులో మెట్టతామర, చేమ మొక్కలు వేశాం. మిగిలిన నైట్రేట్‌ని అవి తాగేస్తాయి. మెట్టతామర మా అత్తగారి ఎత్తు దాటింది.

కొత్త వలల మీద బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి దాదాపు ఆరు వారాలు పట్టింది. అన్నాళ్లూ మేత సగానికి తగ్గించాం. మధ్యలో నైట్రైట్ పెరిగితే మామయ్య చెప్పినట్టు వెయ్యి లీటర్లకి కిలో చొప్పున ఉప్పు వేశాం. ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ని చేప మొప్పల్లోకి పోనివ్వదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో కిట్‌లో ముదురు ఆకుపచ్చ వచ్చింది ఒక్కసారే. మావారు వలలన్నీ తీసి కుళాయి నీళ్లతో శుభ్రంగా కడిగేసినప్పుడు. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోయింది. మళ్లీ మూడు వారాలు టెన్షన్. ఇప్పుడు మూడు నెలలకోసారి సగం వలలే తీసి, కొలను నీళ్లలోనే జాడించి పెడతాం.

పంపు మీద గంటకి 6,000 లీటర్లు అని ఉంది. డ్రమ్ము దగ్గర 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైమ్ చూస్తే నిండటానికి 24 సెకన్లు పట్టింది. అంటే 3,000 లీటర్లే. నీళ్లు ఐదడుగుల పైకి ఎక్కాలి, దారిలో నాలుగు మలుపులు. ముప్పావు అంగుళం పైపు తీసి అంగుళంన్నర పైపు వేస్తే 18 సెకన్లకి వచ్చింది. ఇప్పుడు కొలను నీళ్లు దాదాపు గంటకోసారి ఫిల్టర్‌లోంచి తిరుగుతున్నాయి. పంపు 60 వాట్లది, నెలకి 43 యూనిట్లు అవుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. డ్రమ్ములు చూడటానికి బాగుండవు. డ్రమ్ముకి పైపు కలిపే ట్యాంక్ నిపిల్ దగ్గర రెండుసార్లు లీకైంది. వారానికోసారి వాల్వ్ తిప్పితే వచ్చే నల్లటి నీళ్లు కంపు కొడతాయి, అయితే ఆ నీళ్లతో మా అరటి చెట్లు ఏపుగా పెరిగాయి. కరెంటు పోతే అసలు కష్టం. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానప్పుడు మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. నీళ్లలోకి గాలి పంపే బ్యాటరీ ఏరేటర్ ఉండబట్టి చేపలు బతికాయి. అలా కొన్ని గంటలు పంపు ఆగితే డ్రమ్ముల్లో నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే స్విచ్ వేయకుండా ముందు డ్రమ్ములు ఖాళీ చేయండి, లేకపోతే ఆ కుళ్లంతా కొలనులోకి వస్తుంది.

యూవీ లైటు ఇప్పటికీ ఉంది, పచ్చదనం రాకుండా అంతవరకే. వెలుగుతూ కనిపించినా ఏడాదికి దాని బలం తగ్గుతుంది కాబట్టి ఏటా మార్చిలో బల్బు మారుస్తాను, బల్బు చుట్టూ ఉండే గాజు గొట్టం మీద పట్టిన తెల్లటి పొరని వెనిగర్‌తో తుడుస్తాను. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో మాత్రం యూవీ ఏమీ చేయలేదు, అది బురద. కాలువ నీళ్లని సంపులో పటిక తిప్పి, రెండు రోజులు తేరనిచ్చాకే కొలనులోకి వదులుతాం.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది చేపలు తగ్గించడం. కోయి రెండడుగులు పెరిగే చేప, మా కొలనుకి అవి ఎక్కువే. ఇప్పుడు నాలుగు కోయిలు, నాలుగు గోల్డ్‌ఫిష్ ఉన్నాయి. కంకర తొట్టి మాత్రం బురదతో పూడుకుపోయి నీళ్లు అంచు మీదుగా పొర్లుతున్నాయి. ఈ సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందే కంకరంతా తీసి కడిగి, అడుగున చిల్లుల పైపు వేసి మళ్లీ నింపాలి.