‘రన్’ అనే ఒక్క మాటతో పరీక్షించిన నిఘంటువు

ఇంగ్లీషు నిఘంటువు కొనడానికి వెళ్ళినవారు దుకాణంలో నిలబడి తమకు తెలియని ఏదో ఒక కఠినమైన మాటను వెతికి చూస్తారు. కఠినమైన మాటకు సాధారణంగా ఒకటో రెండో అర్థాలుంటాయి కనుక దానిని ఏ నిఘంటువైనా ఇంచుమించు సరిగానే చెబుతుంది. నిఘంటువు పనితనం తెలియాలంటే ఐదో తరగతి పిల్లవాడు కూడా తనకు వచ్చుననుకునే చిన్న మాటను తీసి చూడాలి. ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు చెప్పే నేను చాలా ఏళ్ళుగా ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీని వాడుతున్నాను. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది 2020లో వచ్చిన పదో కూర్పు. దాని మంచిచెడ్డలను ‘రన్’ అనే మాట ఆధారంగా ఇక్కడ చెబుతున్నాను.

ఈ మాటనే ఎంచుకోవడానికి కారణముంది. 1989లో 20 సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో అన్నిటికంటే పెద్ద ఆరోపం, అంటే ఒక మాట కింద ఇచ్చిన వివరణ మొత్తం, ‘సెట్’ది. ఆ మహానిఘంటువును తరువాత సవరిస్తూ వచ్చినప్పుడు ‘రన్’ దానిని దాటిపోయింది. ఆ క్రియ ఒక్కదాని పనికే సంపాదకుడు పీటర్ గిల్లివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది. ఆయన లెక్క ప్రకారం క్రియగానే దానికి 645 అర్థాలున్నాయి. అంత విస్తారమైన మాటను విద్యార్థి చేతిలో పెట్టవలసి వచ్చినప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఉంచినదాన్ని ఏ వరుసలో చెప్పాలి అన్నదే విద్యార్థి నిఘంటువుకు అసలు పరీక్ష.

మా తరగతిలో ఒకసారి పాఠంలో ఒక స్త్రీ చిన్న దుకాణాన్ని ‘రన్’ చేస్తున్నట్టు వచ్చింది. ఒక అమ్మాయి ‘ఆవిడ దుకాణాన్ని పరుగెత్తించింది’ అని రాసింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఇంట్లో ఉన్న చిన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో ‘పరుగెత్తు, పారు, కరగు, నడుచు, వ్యాపించు’ అని ఒకే వరుసలో మాటలున్నాయి తప్ప ఏది ఎక్కడ వాడాలో చెప్పే ఆధారం లేదు. మొదటి మాటను తీసుకోవడం తప్ప పదమూడేళ్ళ పిల్ల ఇంకేం చేయగలదు?

లెర్నర్స్ డిక్షనరీ ఈ చిక్కును విప్పిన తీరు నాకు ఎంతో నచ్చింది. ‘రన్’ వంటి పెద్ద ఆరోపాలలో ప్రతి అర్థానికీ ముందు ఒక చిన్న సూచిక ఉంటుంది: కాళ్ళతో పరుగెత్తడం, నిర్వహించడం, బస్సులూ రైళ్ళూ, ద్రవాలు, రంగులు, ఎన్నికలు, పత్రికలు, ఇలా. విద్యార్థి నిర్వచనాలన్నీ చదవనక్కరలేదు. తన వాక్యంలో ‘రన్’ పక్కన ఉన్నది దుకాణమా, బస్సా, ముక్కా, చీర రంగా అని చూసుకుని ఆ సూచిక దగ్గరికి వెళితే చాలు. అక్కడికి వెళ్ళాక తెలుగు మాట తనంతట తానే స్ఫురిస్తుంది. దుకాణం నడుపుతాం, ముక్కు కారుతుంది, తడిపితే రంగు దిగుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, రోడ్డు కాలువ గట్టు వెంబడి పోతుంది, ఎన్నికల్లో పోటీ చేస్తాం, బావి ఎండిపోతుంది. ఇంగ్లీషు ఇన్నిటికీ ‘రన్’ ఒక్కటే వాడుతుంది. ఇంగ్లీషువారు పరుగెత్తించే చాలా చోట్ల మనం నడిపిస్తామన్న సంగతి నాకు ఈ ఆరోపాన్ని పిల్లలతో కలిసి చదువుతున్నప్పుడే స్పష్టమైంది. బస్సు నడుస్తుంది, బడి నడుస్తుంది, కేసు నడుస్తుంది, చివరికి ఏలినాటి శని కూడా నడుస్తుంది. కొన్ని విషయాలలో మన ‘నడుచు’ కూడా ‘రన్’ అంత విశాలమైన మాటే.

ఇక్కడే రెండో సుగుణం. ప్రతి అర్థానికీ క్రియ సకర్మకమో అకర్మకమో గుర్తు పెట్టి ఉంటుంది. తెలుగు పిల్లలకు ఇది చాలా అవసరం, ఎందుకంటే మనం ఆ తేడాను క్రియారూపంలోనే చూపుతాం. బస్సు నడుస్తుంది, డ్రైవరు బస్సును నడుపుతాడు. ఇంగ్లీషులో రెండు చోట్లా ‘రన్’ మారదు, పక్కన కర్మ చేరిందా లేదా అన్నదే తేడా. ఆ చిన్న గుర్తును చూడడం అలవాటైన తరువాత మా పిల్లలు ‘నడుచు’కూ ‘నడుపు’కూ మధ్య పొరబడటం బాగా తగ్గింది.

నిర్వచనాలు సులభమైన మాటల్లో ఉండటానికి వెనుక చరిత్ర ఉంది. ఈ నిఘంటువుకు మూలపురుషుడైన ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఉపాధ్యాయుడు. ఆయన ఇద్దరు సహచరులతో కలిసి కూర్చిన తొలి రూపం 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ దానిని ప్రచురించింది. ఇంగ్లీషు మాతృభాష కానివారు ఎక్కడ తడబడతారో తరగతి గదిలో చూసినవారు తయారుచేసిన పుస్తకమని ప్రతి పేజీలోనూ తెలుస్తుంది.

లోపాలూ చెప్పాలి. ‘రన్ అవుట్’, ‘రన్ ఇంటూ’, ‘రన్ ఓవర్’ వంటి జంట క్రియలు ఆరోపం చివర విడిగా ఉంటాయి. ఆ ఏర్పాటు తెలియని పిల్లవాడు పైనున్న అర్థాలన్నిటిలో వెతికి, దొరకక పుస్తకం మూసేస్తాడు. కొన్న మొదటి రోజే ఉపాధ్యాయులో తల్లిదండ్రులో ఈ సంగతి చూపించాలి. స్నానపు తొట్టి నింపడం, కాలి మేజోళ్ళలో దారం ఊడి గీత పడటం వంటి అర్థాలు మన పిల్లల అనుభవంలో లేవు, వాటిని తరగతిలో దాటవేయవచ్చు. క్రికెట్ పరుగు మాత్రం ఎవరికీ వివరించనక్కరలేదు.

అంతకంటే పెద్ద కొరత ఇది ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకే అర్థం చెప్పే పుస్తకం కావడం. బియ్యం ‘రన్ అవుట్’ అయ్యాయంటే అర్థమేమిటో అది చక్కగా చెబుతుంది. బియ్యం అయిపోయాయనడం అశుభమని మన ఇళ్ళలో ‘నిండుకున్నాయి’ అంటారన్నది దానికి తెలియదు. అందువల్ల అనువాదం చేసేవారికి ఇది ఒక్కటే చాలదు, పక్కన మంచి తెలుగు నిఘంటువు ఉండితీరాలి. మా పిల్లలు మాత్రం పెన్సిలుతో ప్రతి సూచిక పక్కనా అంచు ఖాళీలో తమ ఇంటి తెలుగు మాట రాసుకుంటారు. అంచులు ఇరుకు, అక్షరాలు చిన్నవి, కాగితం పలచన. పెన్నుతో రాస్తే వెనక పేజీ పాడవుతుంది.

ఎనిమిదో తరగతి దాటిన విద్యార్థికీ, డిగ్రీ చదువుతూ పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారికీ దీనిని గట్టిగా సిఫారసు చేస్తాను. అంతకంటే చిన్నవారికి బరువవుతుంది. కొత్త ప్రతి కొనలేనివారు 2010లో వచ్చిన ఎనిమిదో కూర్పు గానీ, 2015లో వచ్చిన తొమ్మిదో కూర్పు గానీ హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పెట్టే పాత పుస్తకాల బజారులో వెతకవచ్చు. ‘రన్’ వంటి మాటల విషయంలో పాత కూర్పు వల్ల నష్టమేమీ ఉండదు. కొనే ముందు మాత్రం ‘ఆర్’ అక్షరం దగ్గర తెరిచి ఆ పేజీలు చిరగకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. ఫోనున్నవారు ప్రచురణకర్తల వెబ్‌సైటులో ఈ ఆరోపాన్నే ఉచితంగా చదవవచ్చు, బ్రిటిషు, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినవచ్చు.