తేలు బొమ్మ కారుకు రేటు ఎంత కట్టాలి? సెకండ్ హ్యాండ్ అబార్త్ పుంటో అనుభవం

అబార్త్ పుంటో అంటే ఫియట్ పుంటో కారులోనే ఎక్కువ పవర్ ఉన్న రకం. దీనికి మార్కెట్‌లో రెండు రేట్లు ఉంటాయి. సెకండ్ హ్యాండ్ డీలర్‌ది ఒకటి: "ఫియట్ షోరూములే లేవు కదండీ, మూడు లక్షలకు మించి ఎవరు ఇస్తారు?" అంటాడు. పిచ్చి అభిమానిది ఇంకొకటి: "ఇలాంటిది మళ్లీ దొరకదు, ఎనిమిది ఇస్తే ఆలోచిస్తాను" అంటాడు. ఇద్దరూ బోనెట్ ఎత్తకుండానే చెప్పేస్తారు. నేను హైదరాబాద్‌లో రెండో ఓనర్ దగ్గర ఐదున్నరకు తీసుకున్నాను. అప్పటి నుంచి గుంటూరు, విజయవాడ మధ్య ఆఫీసుకి దాని మీదే తిరుగుతున్నాను.

ఇది ఫెరారీ, లాంబోర్గిని లెక్కలోది కాదు. 2015 అక్టోబర్‌లో 9.95 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకు వచ్చిన చిన్న హ్యాచ్‌బ్యాక్. పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారైంది. కానీ లోపల 1.4 లీటర్ల టీ-జెట్ టర్బో పెట్రోల్ ఇంజిన్, 145 హార్స్ పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. బీఎస్ 6 కాలుష్య నిబంధనలు రాకముందే ఫియట్ ఇక్కడ కార్ల తయారీ ఆపేసింది కాబట్టి ఉన్నవే ఉన్నాయి, కొత్తవి రావు. పెట్రోల్ బంకులో కుర్రాళ్లు "ఇదేం కంపెనీ సార్, తేలు బొమ్మ వేశారు?" అని అడుగుతుంటారు. అబార్త్ కంపెనీ పెట్టిన 'కార్లో అబార్త్' అనే ఆయనది వృశ్చిక రాశి, అందుకే తేలు అని చెబితే నమ్మరు గానీ, అది నిజమే.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది అసలు అది అబార్తేనా అని. మామూలు పుంటోకి ఎర్ర స్టిక్కర్లు, తేలు లోగోలు వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ఆర్సీలో 1368 సీసీ అని ఉంది కదా అని ధీమా పడొద్దు, మామూలు 1.4 పెట్రోల్ పుంటో కూడా అంతే. వెనక చక్రంలోంచి తొంగి చూడండి. డిస్క్ కాకుండా డ్రమ్ కనపడితే బేరం అక్కడితో ఆపేయొచ్చు. ఆర్సీలో మోడల్ పేరు కూడా అబార్త్ అనే ఉండాలి.

రెండోది నీళ్లు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి మునిగాయి. అవన్నీ తుక్కుకు పోలేదు. కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మకానికి పెట్టినవీ ఉన్నాయి. నేను కొన్నాక మా బావమరిదికి ఇంకో పుంటో చూడటానికి వెళ్లాను. బండి పైకి తళతళలాడుతోంది. డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగమన్నాను. సగం వరకు నల్లగా శుభ్రంగా వచ్చింది. ఆ తర్వాత పట్టీ అంచు వెంట ఎండిన బురద సన్నటి గీతలా కనపడింది. వేలితో గీకితే పొడి రాలింది. అమ్మేవాడు ఆ వేలి వైపు చూసి "పిల్లలు బురద కాళ్లతో ఎక్కుతారు సార్" అన్నాడు. పిల్లలు సీటు బెల్టు చుట్టలోకి ఎలా ఎక్కుతారో నాకు అర్థం కాలేదు. మేం టీ తాగి వచ్చేశాం.

ఇక అసలు రేటు. కిలోమీటర్లు, మోడల్ ఏడాది మామూలు మారుతీకి చూడాల్సినవి. ఈ బండికి నేను చూసేది రెండే: బిల్లుల ఫైలు, దొరకని పార్టులు. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. ఎందుకంటే అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పని అయిపోతుంది. కొన్న వారంలోనే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు మార్పించే ఖర్చు కలుపుకునే బేరమాడండి.

పార్టుల సంగతి వింతగా ఉంటుంది. సస్పెన్షన్ బుష్‌లు, అద్దాలు, డోరు హ్యాండిళ్లు మామూలు పుంటోవే చాలా వరకు సరిపోతాయి. ఇంజిన్ సామాన్లలో కొన్ని ఫియట్‌దే ఇంకో కారు లీనియా టీ-జెట్‌వి వస్తాయి. కానీ తేలు డిజైన్ 16 అంగుళాల అల్లాయ్ చక్రం ఒకటి పగిలితే దాని జత వెతకడం పెద్ద పని. అందుకే చక్రాలు నాలుగూ ఒరిజినల్‌గా, వంకర లేకుండా ఉన్న బండికి ఇంకో యాభై వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదంటాను. పెయింట్ పోయిందనో, సీటు చిరిగిందనో తగ్గించమనడం దండగ. అవి ఆటోనగర్‌లో తేలిగ్గా అయిపోయే పని.

ఆటోనగర్ అన్నాను కాబట్టి చెప్పాలి. అక్కడ ఫియట్ డీజిల్ తెలియని మెకానిక్ ఉండడు, స్విఫ్ట్ డీజిల్‌లోనూ అదే 1.3 ఇంజిన్ ఉన్న పుణ్యాన అది అందరి చేతులమీదుగా వెళ్లింది. కానీ ఇది పెట్రోల్ టర్బో. "ఫియటే కదా బాబాయ్, చేసేద్దాం" అన్నవాడికి ఇవ్వకండి. "స్కానర్ పెట్టి చూడాలి, ప్లగ్గులు దీనివే తెప్పించాలి" అన్నవాడికి ఇవ్వండి. ఆయిల్ ఫుల్ సింథటిక్ తప్ప వేరేది పోయనివ్వకండి.

నడపడం గురించి చెప్పాలంటే, మంగళగిరి దాటాక మూడో గేరులో కాలు నొక్కితే 2000 ఆర్పీఎం వరకు ఏమీ జరగదు. ఆ తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. సీటులోకి వెనక్కి నొక్కినట్టుంటుంది. స్టీరింగ్ పాత హైడ్రాలిక్ రకం. బరువుగా ఉంటుంది కానీ రోడ్డు ఎలా ఉందో చేతికి తెలుస్తుంది. ఇప్పటి ఖరీదైన కార్లలో కూడా నాకు ఆ తృప్తి దొరకలేదు.

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో మాత్రం చుక్కలు కనిపిస్తాయి. క్లచ్ గట్టిది, ఎడమ కాలు పెట్టుకోవడానికి డెడ్ పెడల్ లేదు. గ్రౌండ్ క్లియరెన్స్ 155 మిల్లీమీటర్లే. మా గుంటూరు సందుల్లో ఎవరి ఇంటి ముందు వాళ్లు వేసుకున్న స్పీడు బ్రేకర్లకు కింద తగలకుండా వెళ్లాలంటే బండి ఏటవాలుగా తిప్పాలి. సిటీలో లీటరుకు పది కిలోమీటర్లు వస్తే గొప్ప.

పక్క రాష్ట్రం బండి అయితే కాగితాల ఖర్చు రేటులోనే కలపాలి. లోన్ ఉండి ఉంటే ఆర్సీలోంచి హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) తీయించాలి, అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. రాష్ట్రం మారాక 12 నెలలకు మించి పాత నంబరుతో తిరగడం కుదరదు. "మీరే చూసుకోండి" అనే అమ్మకందారు దగ్గర ఆ మేరకు తగ్గించండి.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ (పాలసీలో బండికి రాసే విలువ) తక్కువ పెట్టేస్తారు. ఐదేళ్లు దాటిన బండికి వయసును బట్టి విలువ తగ్గించే పట్టిక లెక్క ఉండదు, ఇన్సూరెన్స్ కంపెనీ, మనం ఒప్పుకున్నదే విలువ. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద రాసేస్తారు. రెండు లక్షలని పెట్టుకుంటే రిపేరు లక్షన్నర దాటితే చాలు, ముందు వైపు తగిలిన చిన్న దెబ్బకే బండి చేజారిపోతుంది, ఆ రెండు లక్షలతో ఇంకో అబార్త్ ఎక్కడా రాదు. నేను ప్రతి రెన్యువల్‌కి చక్రాలు, ఇంజిన్, ఓడోమీటర్ ఫోటోలు, పెద్ద బిల్లులు జతచేసి పంపి, ఏజెంటుతో మాట్లాడి ఐడీవీ ఎక్కువ వేయించుకుంటాను. ప్రీమియం కొంచెం ఎక్కువే పడుతుంది.