ఖాతాలో దేశం మార్చుకోవడం: గూగుల్ ప్లే, ఆపిల్ సేవలపై ఒక సమీక్ష

విదేశానికి వెళ్ళినవారు సిమ్ మారుస్తారు, బ్యాంకు ఖాతా తెరుస్తారు, చిరునామా మారుస్తారు. చేతిలోని ఫోను మాత్రం యాప్ స్టోరు లెక్కలో ఇంకా హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నట్టే నడుస్తుంది. ఆ సంగతి, అక్కడి బ్యాంకు యాప్‌నో స్థానిక రవాణా సంస్థ యాప్‌నో దింపుకోబోయినప్పుడు, అది మీ దేశంలో అందుబాటులో లేదన్న సందేశం తెర మీదికి వచ్చేదాకా చాలామందికి తెలియదు. దీనికి పరిష్కారంగా గూగుల్, ఆపిల్ రెండూ ఖాతాలో దేశం మార్చుకునే వీలు కల్పించాయి. ఆ వీలు ఎంతవరకు అక్కరకు వస్తుంది, ఎవరికి నష్టం చేస్తుంది అన్నది ఈ సమీక్ష విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఒక దేశం విడిచి మరో దేశంలో పూర్తిగా స్థిరపడేవారికి ఈ సేవ బాగానే పనిచేస్తుంది, మన కుటుంబాల్లో చాలామందిలాగా రెండు దేశాల్లోనూ ఒకేసారి కాలు పెట్టి బతికేవారిని మాత్రం దీన్ని రూపొందించినవారు పట్టించుకోలేదు.

ఎక్కడ మార్చాలన్న విషయంలోనే మొదటి గందరగోళం ఎదురవుతుంది. ఐఫోను వాడేవారు చాలామంది ముందుగా జనరల్‌లోని 'లాంగ్వేజ్ అండ్ రీజియన్'లోకి వెళ్ళి అక్కడ దేశం మారుస్తారు. దానివల్ల తేదీ రాసే పద్ధతి, ఉష్ణోగ్రత కొలమానం వంటివి మారతాయి తప్ప స్టోరు కదలదు. ఆండ్రాయిడ్ వాడేవారు యూట్యూబ్‌లోని 'లొకేషన్' మార్చి చూస్తారు. అది ఏ దేశపు వీడియోలు ఎక్కువగా చూపించాలో నిర్ణయించేదే గాని కొనుగోళ్ళతో దానికి సంబంధం లేదు. ఒకే పోలికగల సెట్టింగులు ఇన్ని చోట్ల పెట్టి, అసలైనదాన్ని నాలుగు మెట్ల కింద దాచడం రెండు సంస్థలూ సమానంగా చేసిన పని.

గూగుల్ ప్లేలో అసలు సెట్టింగు ఇలా దొరుకుతుంది. ప్లే స్టోరు తెరిచి, పైన మూలనున్న మన ఫోటో నొక్కి, సెట్టింగ్స్‌లో జనరల్, అందులో 'అకౌంట్ అండ్ డివైస్ ప్రిఫరెన్సెస్', ఆ లోపల 'కంట్రీ అండ్ ప్రొఫైల్స్' చూడాలి. అక్కడ రెండో దేశం పేరు కనిపిస్తేనే మార్చుకునే అవకాశం ఉన్నట్టు. మనం ఆ దేశంలో భౌతికంగా ఉన్నామని ఇంటర్నెట్ కనెక్షన్ ద్వారా గూగుల్ గుర్తించేదాకా ఆ పేరు కనిపించదు. కనుక శంషాబాదులో విమానం ఎక్కేముందే ఈ పని ముగించుకుందామనుకునే విద్యార్థికి అది సాధ్యపడదు. వీపీఎన్ పెట్టి తామెక్కడో ఉన్నట్టు చూపించాలని చూసేవారున్నారు; అది సేవా నిబంధనలకు విరుద్ధం, పైగా కొత్త దేశంలో జారీ అయిన చెల్లింపు సాధనం లేకుండా ఆ దారి కూడా మధ్యలోనే ఆగిపోతుంది. కార్డు వివరాలిచ్చి ప్రొఫైల్ మార్చుకున్న తరువాత కొత్త స్టోరు కనబడడానికి 48 గంటల వరకు పట్టవచ్చని గూగుల్ చెబుతుంది.

ఇంతవరకు ఫిర్యాదు చేయవలసింది పెద్దగా లేదు. అసలు మెలిక ఆ తరువాతి నిబంధనలో ఉంది. గూగుల్ ప్లేలో దేశాన్ని ఏడాదికి ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు. పొరపాటున మార్చినా, ప్రయాణం రద్దయి వెనక్కి వచ్చినా, ఏడాది గడిచేదాకా పాత దేశానికి తిరిగి వెళ్ళే దారి లేదు. చౌకగా దొరికే దేశానికి మారి కొనుక్కుని మళ్ళీ సొంత దేశానికి వచ్చేవారిని ఆపడానికి ఈ గడువు పెట్టారని అనుకోవడం సహజం. అటువంటి అవసరం లేదని నేననను. 2024 ఆగస్టులో పెరిగిన తరువాత కూడా యూట్యూబ్ ప్రీమియం భారతదేశంలో నెలకు 149 రూపాయలే ఉండేది; అదే సమయంలో అమెరికాలో దాని ధర 13.99 డాలర్లుగా ఉండేది. తేడా ఇంత ఉన్నప్పుడు దారి తప్పేవారు ఉంటారు. అయితే దొంగను పట్టడానికి పెట్టిన తాళం నిజాయతీగా ఊరు మారినవాడి తలుపుకు కూడా పడుతోంది.

పాత దేశంలో ప్లే బ్యాలెన్సుగా ఉన్న డబ్బు కొత్త దేశంలో చెల్లదు. కొన్న సినిమాలు, పుస్తకాలు, ఆటల్లో కొన్ని కొత్త దేశంలో అందుబాటులో లేకపోవచ్చు. కొనుగోళ్ళను ఇంట్లోవారు పంచుకునేందుకు గూగుల్‌లో ఏర్పరచుకునే కుటుంబ సమూహంలో ఉన్నవారికి మరో చిక్కుంది: ఆరుగురి వరకు ఉండగల ఆ సమూహంలో సభ్యులంతా నిర్వాహకుడు ఉన్న దేశంలోనే నివసించాలని నియమం. నాన్న గుంటూరులో, అమ్మాయి చికాగోలో, అబ్బాయి బెంగళూరులో ఉన్న ఇంట్లో ఈ నియమం కుటుంబం అన్న మాటనే ఇరుకు చేస్తుంది. ఇంత జరిగినా జీమెయిల్‌కు, ఫోటోలకు, కాంటాక్టులకు ఈ మార్పుతో సంబంధం లేకపోవడం గూగుల్ చేసిన మంచి పని. ప్లే దేశం మారిస్తే మెయిళ్ళు పోతాయేమోనని భయపడేవారు నిశ్చింతగా ఉండవచ్చు.

ఆపిల్ పద్ధతి వేరు. అద్దె ఇల్లు ఖాళీ చేసేవారి దగ్గర కరెంటు బిల్లు నుంచి గోడకు కొట్టిన మేకు దాకా లెక్క తేల్చుకుని గాని కదలనివ్వని యజమాని తీరు దానిది. సెట్టింగ్స్‌లో మన పేరు మీద నొక్కి, 'మీడియా అండ్ పర్చేజెస్'లో 'వ్యూ అకౌంట్'కు వెళితే 'కంట్రీ ఆర్ రీజియన్' కనిపిస్తుంది. దాన్ని నొక్కేముందు ఖాతాలోని మిగులు డబ్బంతా ఖర్చు కావాలి. నడుస్తున్న చందాలన్నీ రద్దు చేసి, చెల్లించిన గడువు ముగిసేదాకా ఆగాలి. ముందస్తు ఆర్డర్లు, అద్దెకు తీసుకున్న సినిమాలు, రావలసిన రీఫండ్లు ఏవీ మిగిలి ఉండకూడదు. కొనుగోళ్ళను కుటుంబంతో పంచుకునే 'ఫ్యామిలీ షేరింగ్'లో ఉంటే దాని నుంచి బయటికి రావలసి ఉంటుంది. ఏ వస్తువూ కొనడానికి సరిపోని చిల్లర మిగిలిపోతే దాన్ని తీసేయడానికి ఆపిల్ సహాయ విభాగాన్ని సంప్రదించాలి. ఏడు రూపాయల నిల్వ అడ్డం పడి దేశం మారలేకపోవడం వినడానికి హాస్యంగా ఉన్నా, నిబంధన అక్షరాలా అదే చెబుతుంది.

ఏడాది చందా కట్టినవారికి ఇది నిజంగా ఇబ్బంది. ఆగస్టులో ఫాల్ సెమిస్టరుకు వెళ్ళే విద్యార్థి ఏప్రిల్‌లో ఏదో యాప్‌కు సంవత్సర చందా కట్టి ఉంటే, రద్దు చేసుకున్నా ఆ గడువు మరుసటి ఏప్రిల్ దాకా నడుస్తూనే ఉంటుంది. వెళ్ళబోతున్నామని తెలిసిన నాటి నుంచి నెల చందాలతో సరిపెట్టుకోవడం ఒక్కటే దీనికి విరుగుడు. చివరి తెరలో కొత్త దేశపు చిరునామా, రాష్ట్రం, జిప్ కోడ్, ఫోను నంబరు, ఆ దేశంలో పనికివచ్చే చెల్లింపు సాధనం అడుగుతుంది. అమెరికాకు మారేవారికి రాష్ట్రం గడిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు పోయి అక్కడి రాష్ట్రాల జాబితా తెరుచుకుంటుంది. మన యూపీఐ గాని నెట్ బ్యాంకింగ్ గాని ఆ పుటలో ఉండవు. కొత్తగా దిగినవారు అక్కడి బ్యాంకు డెబిట్ కార్డు చేతికి వచ్చేదాకా ఓపిక పట్టడం మేలు.

ఇంత కఠినంగా ఉన్నా ఆపిల్‌కు ఒక విషయంలో మార్కులు వేయాలి. ఏమేం తేల్చుకోవాలో ముందే స్పష్టంగా చెబుతుంది, గూగుల్ మాదిరిగా ఏడాది తాళం వేయదు. దేశం మార్చే ముందు కావలసిన యాప్‌లను, పాటలను, పుస్తకాలను మరోసారి దింపుకోమని కూడా సలహా ఇస్తుంది. ఆ సలహాను తేలికగా తీసుకోకూడదు. కొత్త దేశపు స్టోరులో లేని యాప్ ఫోనులో ఉన్నంతకాలం పనిచేస్తూ ఉండవచ్చు గాని, ఒకసారి తీసేస్తే మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆ యాప్ మన ఊరి సహకార బ్యాంకుదైతే దాన్ని పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. విదేశంలో ఉన్నవారికి భారతదేశపు యాప్‌ల అవసరం తీరిపోతుందా? తీరదు. ఇంటి పన్ను కట్టాలి, అమ్మానాన్నలకు డబ్బు పంపాలి, భారతదేశంలో వచ్చే ఆదాయం కోసం ప్రవాసులు ఉంచుకునే ఎన్ఆర్ఓ ఖాతా చూసుకోవాలి. 2023 జనవరిలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ అమెరికా, బ్రిటన్, సింగపూర్, ఆస్ట్రేలియా, సౌదీ, యూఏఈ సహా పది దేశాల ఫోను నంబర్లతో ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన జమచేసే ఖాతా), ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ వాడుకునే వీలు కల్పించింది. చెల్లింపుల వ్యవస్థ ఇలా సరిహద్దు దాటి వస్తుంటే, యాప్ దొరికే స్టోరు మాత్రం సరిహద్దు దగ్గరే ఆగిపోవడం విచిత్రం. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవారి సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. రెండేళ్ళ ఒప్పందం మీద వెళ్ళి, సెలవు మీద వచ్చి, మళ్ళీ వెళ్ళే మనిషికి ఏది స్వదేశమో స్టోరుకు చెప్పవలసిన అవసరమే అసంబద్ధంగా ఉంటుంది.

అందువల్ల చాలామందికి నేను సూచించేది దేశం మార్చుకోవడం కాదు, రెండో ఖాతా తెరవడం. పాత ఖాతాను భారతదేశంలోనే ఉంచి, కొత్త దేశంలో కొత్త ఖాతా తెరిచి, రెండూ ఒకే ఫోనులో వాడుకోవచ్చు. ఈ విషయంలో గూగుల్ చాలా ముందుంది. ప్లే స్టోరులో ఫోటో మీద నొక్కి ఖాతా మార్చుకుంటే చాలు, తెర మీద రూపాయలు డాలర్లవుతాయి, ఆ దేశపు యాప్‌లు దొరుకుతాయి. దింపుకున్న తరువాత మళ్ళీ పాత ఖాతాకు వచ్చేయవచ్చు. రెండు ఖాతాల యాప్‌లూ పక్కపక్కనే ఉంటాయి. ఏడాది నిబంధన తెచ్చిపెట్టిన చిక్కును గూగుల్ తెలిసో తెలియకో ఇలా తీర్చింది.

ఐఫోనులో కూడా ఫోటోలు, కాంటాక్టులు దాచే ఆపిల్ సేవ ఐక్లౌడ్‌ను పాత ఖాతాతో ఉంచి, 'మీడియా అండ్ పర్చేజెస్'కు మాత్రం మరో ఖాతాతో లోపలికి వెళ్ళే వీలుంది. ఫోటోలు, కాంటాక్టులు కదలవు. అయితే ఇక్కడ మార్పు ప్రతిసారీ బయటికి వచ్చి లోపలికి వెళ్ళే తతంగమే. పాత కొనుగోళ్ళను మళ్ళీ దింపుకోవడం వంటి పనులు చేసినప్పుడు ఆ ఫోను ఆ ఖాతాకు ముడిపడి, మరో ఖాతాకు ముడిపెట్టాలంటే 90 రోజులు ఆగమనే నియమం కూడా ఉంది. 2025లో ఆపిల్ ఒక ఖాతాలోని కొనుగోళ్ళను మరో ఖాతాకు బదిలీ చేసుకునే సదుపాయం తెచ్చినప్పుడు ఈ బాధ తీరుతుందని ఆశించినవారికి నిరాశే మిగిలింది. రెండు ఖాతాలూ ఒకే దేశానివై ఉండాలన్నది ఒక షరతు, భారతదేశంలో ఆ సదుపాయాన్ని ఇవ్వకపోవడం రెండో దెబ్బ.

మిగిలిన సేవల గురించి క్లుప్తంగా. అమెజాన్ ఈ-పుస్తకాల సేవ కిండిల్‌లో 'కంటెంట్ అండ్ డివైసెస్' పుటలోని ప్రిఫరెన్సెస్‌లో దేశం మార్చుకోవడం వీటన్నిటికంటే సులువు. ఆటల స్టోరు స్టీమ్ మూడు నెలలకొకసారి మార్పును అనుమతిస్తుంది. ఏడాదితో పోలిస్తే ఇది న్యాయమైన గడువు. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్‌లో దేశం మారదు, పాత ఖాతా మూసి కొత్త దేశంలో మరొకటి తెరవవలసిందే.

అయిదు మార్కులకు గూగుల్ ప్లేకు మూడున్నర, ఆపిల్‌కు మూడు ఇస్తాను. గూగుల్‌కు వేసిన ఆ అదనపు అర మార్కు రెండు ఖాతాలను పక్కపక్కన బతకనిచ్చినందుకే. స్థిరంగా వలస వెళ్ళి, వెనుక ఏ చందాలూ నిల్వలూ లేని ఒంటరి మనిషికైతే ఆపిల్ పద్ధతే మెరుగని ఒప్పుకోవాలి, ఎందుకంటే మనసు మారితే ఏడాది ఆగనక్కరలేదు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పక చెప్పాలి. సందర్శక వీసా మీద పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రుల ఫోనులో, ప్లే స్టోరు కొత్త దేశాన్ని గుర్తించగానే మార్చుకునే అవకాశం కనబడుతుంది. ఏదో ఒక అమెరికా యాప్ కోసం పిల్లలు తమ కార్డు పెట్టి ఆ మార్పు చేసేస్తారు. అమెరికాలో సందర్శకులకు సాధారణంగా ఒక విడతలో అనుమతించేది ఆరు నెలల వరకే. వారు తిరిగి రాజమండ్రి చేరాక కూడా ఖాతా మరో ఆరు నెలలు అమెరికాలోనే ఉండిపోతుంది. ఇక్కడి స్టోరుకే పరిమితమైన యాప్ ఏదైనా కొత్తగా కావలసివస్తే దొరకదు. ఆ ఫోనులో పిల్లల గూగుల్ ఖాతానొకదాన్ని తాత్కాలికంగా చేర్చి, కావలసిన యాప్ దింపి, తిరుగు ప్రయాణానికి ముందు ఆ ఖాతాను తీసేస్తే సరిపోతుంది.