పోత ఇనుప మూకుట్లో కోడిగుడ్డు పొరటు: ఐదేళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లో మూడో నాన్‌స్టిక్ పెనం కూడా పూత లేచిపోయాక, 2020లో పది అంగుళాల పోత ఇనుప మూకుడు ఒకటి కొన్నాం. అప్పటినుంచి వారానికి నాలుగు రోజులైనా అందులో కోడిగుడ్డు పొరటు చేస్తున్నాను. చపాతీల్లోకి, పిల్లల బాక్సుల్లోకి, రాత్రి పప్పుచారు అన్నంలో నంజుకోవడానికి. పొరటుకి దీన్ని మించిన గిన్నె నేనైతే వాడలేదు. కాకపోతే మొదట్లో చాలా ఓపిక పట్టాలి.

కొన్న రోజే గుడ్లు వేస్తే సగం మూకుటికే అంటుకుపోయాయి. సీజనింగ్, అంటే నూనె రాసి కాల్చి పూత పట్టించడం, ముందే చేసిందేనని పెట్టె మీద రాసి ఉంది కానీ, ఆ పూత గుడ్డుకు చాలదు. అమ్మ చెప్పినట్టు నెల రోజులు గుడ్ల జోలికి పోకుండా అప్పడాలు, వడియాలు, పూరీలు అందులోనే వేయించాం. నూనె వేడికి ఇనుము మీద పొర మీద పొరగా గట్టిపడి, నల్లటి నునుపు వచ్చింది. అప్పుడు గానీ గుడ్డు జారలేదు.

వేడి సంగతి తెలియడానికి ఇంకా టైమ్ పట్టింది. పోత ఇనుము నిదానంగా కాగుతుంది, కాగాక ఆ వేడిని అంత తొందరగా వదలదు. సరిగ్గా కాగకముందే గుడ్డు కొడితే అంటుకోవడం ఖాయం. అందుకే మధ్యస్థం మంట మీద నాలుగైదు నిమిషాలు ఉంచి, నీటి చుక్క చిలకరిస్తే చుయ్యిమన్నాకే నూనె పోస్తాను. గుడ్డు 70 డిగ్రీలు దాటితే గట్టిపడిపోతుంది. మూకుడేమో స్టవ్ కట్టేశాక కూడా ఉడికిస్తూనే ఉంటుంది. పొరటు రబ్బరులా సాగడానికి చాలాసార్లు ఇదే కారణం.

నాలుగు గుడ్లకి రెండు ఉల్లిపాయలు, మూడు పచ్చిమిర్చి, ఒక రెమ్మ కరివేపాకు, చిటికెడు పసుపు. ఉల్లిపాయల్లో ఉప్పు ముందే వేసి, తడంతా పోయి అంచులు ఎర్రబడేదాకా వేయిస్తాను. ఈ పని తొందరగా ముగిస్తే పొరటు నీళ్లు వదులుతుంది. గుడ్లు గిలక్కొట్టను, నేరుగా కొట్టి పోసేస్తాను. మనసులో ఇరవై లెక్కపెట్టేదాకా కదపకూడదు. అంచుల్లో తెల్లసొన పాలరంగుకు తిరిగాక, అట్లకాడ అడుగుకు ఆనించి పెద్ద ముక్కలుగా తిరగేస్తే తెలుపు, పసుపు విడివిడిగా కనిపిస్తాయి. అక్కడక్కడా తడి మెరుస్తూ ఉండగానే స్టవ్ కట్టేసి, కారం, మిరియాల పొడి చల్లి మరో అరనిమిషం కలుపుతాను. మిగిలిన తడి ఆ వేడికే ఆరిపోతుంది. ఆరకపోతే మళ్లీ కాసేపు మంట పెడతాను, పిల్లలు తినేది కాబట్టి పచ్చిగా ఉంచను. నీచు వాసన పోవాలంటే ఇంకా వేయించాలని అమ్మ అనేది. ఉల్లిపాయ బాగా వేగి, మిరియాలు పడితే ఆ వాసన రాదని ఇప్పుడు తనే ఒప్పుకుంటోంది.

టోస్ట్ మీదికి వెన్నలా మెత్తగా ఉండే స్క్రాంబుల్డ్ ఎగ్స్ కావాలంటే మాత్రం ఈ మూకుడు పనికిరాదు. దీని వేడి చేతిలో ఉండదు. దానికి పల్చటి చిన్న పెనం తీసుకుని, ఉప్పు వేసి గిలక్కొట్టిన గుడ్లను వెన్నతో సిమ్‌లో, మధ్యమధ్య పెనం పైకెత్తుతూ కలుపుతాను. పాలు ఎక్కువ పోస్తే ప్లేటులో నీళ్లు ఊరుతున్నాయి, అందుకే మానేశాను.

లోపాలూ ఉన్నాయి. రెండు కిలోల పైనే బరువు, అమ్మ ఒంటి చేత్తో ఎత్తలేదు. టమాటా పొరటు, చింతపండు పులుసు ఇందులో పెట్టకూడదు, పులుపుకి ఆ నునుపు పోతుంది. వండిన పొరటు అందులోనే వదిలేస్తే కాసేపటికి నల్లగా, ఆకుపచ్చగా తిరుగుతుంది, వెంటనే గిన్నెలోకి తీసేయాలి. ఒకసారి ఊరెళ్తూ తడిగా వదిలేస్తే వచ్చేసరికి అడుగంతా తుప్పు. పీచుతో రుద్ది మళ్లీ అప్పడాల దగ్గరనుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు కడగ్గానే మంట మీద ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచిపెడుతున్నాను.

అమ్మ కోసం ఈమధ్యే ఎనిమిది అంగుళాలది తీసుకున్నాం. మూడు వారాలుగా అందులో వడియాలే వేయిస్తోంది, గుడ్డు ఇంకా కొట్టలేదు.